రెండు కిలోలు దాటితే

నేను ఒక కొక్కెం కాటాను. జానెడు రేకు గొట్టం, పైన పట్టుకోడానికి ఉంగరం, కింద తగిలించడానికి కొక్కెం, లోపల ఒక స్ప్రింగు, ముందు చీలికలో పైకీ కిందికీ కదిలే ముల్లు. అంతే నేను. ఇరవై ఐదు కిలోల దాకా తూస్తాను. మనుషులకు మనుషుల మీద నమ్మకం ఉంటే నేను పుట్టేదాన్నే కాదు.

నన్ను ఒక రేకుల షెడ్డులో చేశారు. చేసిన ముసలాయన నాకు కిలో రాయి తగిలించాడు, ఐదు కిలోలది తగిలించాడు, ఇరవై తగిలించాడు. మూడుసార్లూ సరిగ్గా చెప్పాను. తూనికల ఆఫీసు ముద్ర నా నుదుట పడింది. పెట్టెలో పెడుతూ ముసలాయన, "దీన్ని కొన్నవాడు దీన్ని తప్ప ఇంకెవర్నీ నమ్మడు" అన్నాడు. శాపమో దీవెనో తెలియలేదు.

మొదట నన్ను కొన్నది మన్యం సంతలో చింతపండు వ్యాపారి. కొండ దిగి వచ్చే ఆడవాళ్ల బుట్టలు తూచేటప్పుడు బుట్ట అడుగున మోకాలు ఆనించేవాడు. తాను అమ్మేటప్పుడు గోనె మూలను కాలి బొటనవేలితో కిందికి లాగేవాడు. నేను సరిగ్గానే చెప్పాను. మోకాలూ వేలూ అబద్ధం చెప్పాయి. ఆరేళ్లలో ఆ మోకాలు చూసినవాడు ఒక్కడే. ఉద్దానం నుంచి చింతపండుకు వచ్చిన తవిటినాయుడు. చూసి ఊరుకోలేదు. సంత సంతంతా వినేట్టు తిట్టాడు. వ్యాపారి కొట్టు మూసేసే రోజున మళ్లీ వచ్చి, చింతపండు కాదు, నన్నే కొనుక్కుపోయాడు.

తవిటినాయుడు గురించి నిజం చెప్పాలి. మోసం తెలియని మనిషి. తన కొబ్బరికాయలు అమ్మేటప్పుడు లెక్కకు ఒకటి ఎక్కువే వేసేవాడు. కానీ ఎదుటివాడు కూడా మోసం చేయడని ఒక్కసారైనా అనుకోలేదు. ఇంటికి వచ్చిన ప్రతి వస్తువూ ముందు నా కొక్కేనికి వేలాడాలి, తర్వాతే వంటింట్లోకి వెళ్లాలి. వంటింటి గడప దగ్గర అతని భార్య దమయంతి నిలబడి ఉండేది, తీర్పు కోసం చూసేవాళ్లలాగా.

నన్ను అటక మీద మేకుకు తగిలించేవాడు. ఒక మధ్యాహ్నం దమయంతి అటక మీంచి చింతపండు కుండ దించుతుంటే చెయ్యి తగిలి నేను కింద పడ్డాను. పడింది రుబ్బురోలు మీద. గొట్టం రెండు అంకె కింద లోపలికి నొక్కుకుపోయింది. ఆమె నన్ను తీసి చూసింది. వీధి గుమ్మం వైపు చూసింది. రోకలి తెచ్చి, దాని చివర ఇనప పొన్నుతో మెల్లగా మూడు దెబ్బలు వేసి సొట్ట సరిచేసింది. ఉప్పు పొట్లం తగిలించి చూసింది. కిలో. సరిగ్గా చూపించాను. దెబ్బల గుర్తు కనపడకుండా తన పాత ఆకుపచ్చ చీర అంచు చింపి నా నడుముకు చుట్టి కుట్టేసింది.

సాయంత్రం తవిటినాయుడు వచ్చాడు. "ఇదేటి, దీనికి కోక కట్టినావు?" అన్నాడు.

"సేతికి జారిపోతందని" అంది దమయంతి.

"మంచి పని సేసినావు" అన్నాడు. అతను ఆమెను మెచ్చుకోవడం నేను విన్నది అదొక్కసారే.

చెప్పాలనే అనుకుంది. ఆ పూట చెప్పలేకపోయింది, గట్టు తగువు నుంచి వచ్చాడు. మర్నాడు చెప్పలేకపోయింది, పాలవాడితో పోట్లాడి వచ్చాడు. నాకు మాత్రం నా సంగతి తెలుసు. రెండు కిలోల దాకా నేను నిజం. రెండు దాటితే నా ముల్లు నొక్కుకున్న గొట్టానికి ఒరుసుకుని వెనకబడుతుంది. నాలుగు కిలోలు మూడున్నర అంటాను. ఇరవై కిలోలు పద్దెనిమిది అంటాను. నా నోటికి అంతకు మించి రాదు.

పది రోజులకు దమయంతి తమ్ముడు లోకనాథం వచ్చాడు. పక్క ఊరివాడు. పుట్టింటి జీడితోటలో అక్క వాటా ఏటా తనే తెచ్చి ఇచ్చేవాడు. ఆ ఏడు రెండు గోనెలు తెచ్చాడు, గోనెకు ఇరవై కిలోల జీడిపిక్కలు, ఇంట్లో తూచి కట్టినవి. తవిటినాయుడు నన్ను దించాడు. దూలానికి కట్టి మొదటి గోనె తగిలించాడు. పద్దెనిమిది. రెండోది. పద్దెనిమిది.

"ఉప్పు పొట్లం తేయే" అన్నాడు. తగిలించాడు. కిలో. సరిగ్గా కిలో. "కాటా సరిగ్గానే ఉంది. మనిషే సరిగ్గా లేడు."

"బావా, ఇరవై ఎట్టినాను. మా ఇంటి తక్కెడ మీద ఒట్టు" అన్నాడు లోకనాథం.

"సొంత అప్ప వాటాలోనే కోసుకున్నోడికి ఒట్టు ఒక లెక్కేటి!"

అక్కడితో ఆపితే ఇంటి గొడవ. ఆపలేదు. గోనెలు పాలకేంద్రం ముందుకు మోయించి, ఊరంతా చూస్తుండగా మళ్లీ తూచి, "వీడు దొంగ" అన్నాడు. దమయంతి అక్కడిదాకా వచ్చింది. నావైపు చూసింది. నోరు తెరిచింది. భర్త ముఖం చూసి మూసుకుంది. లోకనాథం బావను చూడలేదు. అక్కనే చూశాడు, ఆమె ఏమంటుందోనని. ఆమె ఏమీ అనలేదు.

ఆ నెలలోనే లోకనాథం తోట కౌలుకిచ్చి, పెళ్లాన్నీ కూతుర్నీ తీసుకుని విశాఖపట్నం పోయాడు. హార్బరులో ఐసు దిమ్మలు మోసే పనిలో చేరాడు. దొంగ అన్న ఊళ్లో తలెత్తుకుని తిరగలేక పోయాడని అందరికీ తెలుసు. దొంగ కాబట్టే పారిపోయాడని తవిటినాయుడు అన్నాడు. "ఈ జన్మలో ఆడి ఇంట సెయ్యి కడగను" అని కూడా అన్నాడు.

ఆ తర్వాత దమయంతి నన్ను రెండుసార్లు గడ్డివాములో దాచింది. రెండుసార్లూ అతను వెతికి తీశాడు. ఎవడో దొంగ ఎత్తుకుపోబోయాడని అనుకున్నాడు.

తొమ్మిదేళ్లు గడిచాయి. వంకాయలు తూచాడు, బెల్లం తూచాడు, బియ్యం తూచాడు. కిలో కొన్నప్పుడు అందరూ మంచివాళ్లే. నాలుగు కిలోలు కొంటే అందరూ దొంగలే. ఎందుకని ఒక్కసారి ఆలోచించలేదు. పెద్ద బేరంలోనే మోసం దాక్కుంటుందని తేల్చుకున్నాడు. నా వల్ల అతనికి లోకంలో ఒక్క స్నేహితుడు మిగల్లేదు. దాంతో నన్ను ఇంకా గట్టిగా నమ్మాడు.

ఏడో ఏట దమయంతి మూత్రపిండాలు చెడిపోయాయి. ఆ ప్రాంతంలో అది చాలా ఇళ్లలో ఉన్న జబ్బే. ఆమె పోయిన రోజున లోకనాథం వచ్చి వీధిలోనే నిలబడ్డాడు. తవిటినాయుడు తల తిప్పుకున్నాడు. పాడె లేచాక లోకనాథం వెనకాల దూరంగా నడిచాడు.

మరో రెండేళ్లకు విశాఖపట్నం నుంచి ఫోన్ వచ్చింది. లోకనాథం కూతురు హేమలత. సిటీ బస్సులో కండక్టరు. "మావయ్యా, ఒకసారి వచ్చి మా ఊరు సూసి ఎల్లరాదా? ఓడలు సూపిస్తాను. నాకు రెండ్రోజులు సెలవుంది."

"మీ నాన్న సెప్పమన్నాడా?"

"నాన్నకి తెల్దు. అత్త ఎప్పుడూ అనీది, ఓడలు సూడాలని. ఆవిడ సూడ్నేదు. నువ్వైనా సూడు."

తవిటినాయుడు చాలాసేపు ఆలోచించాడు. ఇందులో మోసం ఎక్కడుందో పట్టుకోలేక చివరికి ఒప్పుకున్నాడు. "లాడ్జీలో ఉంటాను. మీ ఇంట సెయ్యి కడగను."

"కడగొద్దులే. రా" అంది.

నన్ను తువ్వాల్లో చుట్టి సంచి అడుగున పెట్టుకున్నాడు. పట్నానికి కాటా లేకుండా వెళ్లేది గుడ్డివాడని అతని అభిప్రాయం.

విశాఖపట్నంలో దిగిన క్షణం నుంచి అతను ఎవర్నీ నమ్మలేదు. ఆటోవాడు దారి చుట్టు తిప్పుతాడని నడిచాడు, నడిచి దారి తప్పాడు. లాడ్జీలో దిండు ఎత్తి చూశాడు, మంచం కింద చూశాడు, తలుపు గొళ్లెం రెండుసార్లు లాగి చూశాడు. హేమలత వచ్చేసరికి మెట్ల మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పొడుగాటి పిల్ల, గట్టి గొంతు, బస్సులో నిలబడి నిలబడి పాదాలు ఎడంగా వేసి నడిచే నడక.

ముందు బీచికి తీసుకెళ్లింది. దారిలో కొబ్బరిబోండాం ఇప్పించబోయింది.

"ఎక్కడి కాయిది?" అన్నాడు బండివాణ్ని.

"ఉద్దానం కాయ బాబూ. లేత."

"మా ఊరి కాయ నాకే అమ్ముతావేటి! మా ఊళ్లో దీన్ని లేత అనరు, తాత అంటారు."

బండివాడు నవ్వాడు. తవిటినాయుడు నవ్వలేదు. బోండాం మాత్రం తాగాడు, చివరి చుక్క దాకా, లేతగానే ఉంది కాబట్టి.

ఒడ్డున జలాంతర్గామి ఉంది. ఇసక మీద పొడుగ్గా పడుకున్న నల్లటి ఇనుము. "నీటి అడుగున ఉండాల్సింది ఒడ్డు మీదెందుకుంది?" అన్నాడు.

"రిటైరైపోయింది మావయ్యా. మనం సూడ్డానికి ఎట్టినారు."

"పాడైపోయిందని సెప్పడానికి మొహమాటం."

గుమ్మం దగ్గర కాపలావాడు సంచి వెతికాడు. తువ్వాలు విప్పి నన్ను పైకెత్తి చూశాడు. "ఇదేంటి పెద్దాయనా?"

"కాటా."

"సబ్‌మెరైన్ తూస్తావా?"

వెనక వరసలో ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. జీవితమంతా అందరి సంచీలూ అనుమానించిన మనిషి సంచి ఆ రోజు మొదటిసారి అనుమానానికి గురైంది. నన్ను గుమ్మం దగ్గర బల్ల మీద వదిలి లోపలికి వెళ్లాల్సి వచ్చింది. ఎంత తొందరగా తిరిగి వచ్చాడంటే, లోపల ఏం చూశావని హేమలత అడిగితే చెప్పలేకపోయాడు. నా ముల్లూ కొక్కెం ఉన్నాయో లేవో చూసుకుని మళ్లీ చుట్టుకున్నాడు.

బీచి రోడ్డులో మూరీ మిక్చర్ తిన్నాడు. బండివాడు డబ్బాలో మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, వేరుశనగలు, నిమ్మరసం వేసి గరిటెతో టకటకా కలుపుతుంటే అతని చేతులనే చూశాడు. చేతుల్లో మోసం దొరకలేదు. పొట్లం అందుకుని గుప్పెడు నోట్లో వేసుకున్నాడు. కళ్లు కొంచెం పెద్దవయ్యాయి. "ఉప్పెక్కువ" అని ఇంకో పొట్లం కట్టమన్నాడు.

తర్వాత ఒక మిఠాయి దుకాణంలో మాడుగుల హల్వా అరకిలో కొన్నాడు. దుకాణం మెట్ల మీదే నన్ను తీసి పెట్టె తగిలించాడు. అరకిలో. మళ్లీ తగిలించాడు. అరకిలో, మీద కాస్త మొగ్గు. మోసం జరగనందుకు అంత నిరాశపడ్డ మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

"తక్కువుందా?" అంది హేమలత, నవ్వు ఆపుకుంటూ.

"సరిపోయింది. మనం తూత్తామని ఆడికి తెలిసిపోయింటాది."

సాయంత్రం కైలాసగిరి ఎక్కారు. రోప్‌వేలో కూర్చోనని మొండికేశాడు. "ఎంత బరువు మోస్తాదో రాసినారు గానీ, ఎక్కినోళ్ల బరువు ఎవులు తూసినారు?" చివరికి మెట్ల మీదుగా ఎక్కాడు. పైన గాలి. కింద నురగ. సముద్రం మీద దూరంగా వరసగా ఆగిపోయిన ఓడలు, పది పన్నెండు. హేమలత వేలుపెట్టి చూపించింది. "అవే. హార్బరులో చోటు దొరికేదాకా అలగే ఆగుతాయి. ఒక్కోసారి వారం రోజులు."

తవిటినాయుడు ఓడల్ని చూస్తూ ఉండిపోయాడు. సంచిలో ఉన్న నాకు అతని చెయ్యి తువ్వాలు మీద ఆగడం తెలిసింది. "ఇది సూడాలందా?" అన్నాడు.

"అత్తా? అవును. నాన్నకి కూడా సెప్పింది, సూపించరా అని. నాన్న ఊళ్లో ఉన్నప్పుడు."

అతను మాట మార్చాడు. రాత్రికి లాడ్జీ కింద పెసరట్టు ఉప్మా తిని, పెసరట్టు పలచగా వేశారని గొణుక్కుని పడుకున్నాడు.

రెండో రోజు ఉదయం హేమలత ఫిషింగ్ హార్బరుకు తీసుకెళ్లింది. "చేప కొందాం. నాన్న వండుతాడు. నువ్వు తినకపోతే మేం తింటాం. ఇంటి గుమ్మం దాకా రా, సాలు."

చేప అన్నాక అతను కాదనలేకపోయాడు. పడవలు అప్పుడే వచ్చాయి. తట్టలు, ఐసు, ఉప్పునీళ్లు, అరుపులు. వేలం పాటలు పాడేవాళ్ల గొంతులు. ఆడవాళ్లు చిన్న చేపల్ని పోగులు పెట్టి అమ్ముతున్నారు. తవిటినాయుడికి పోగుల మీద నమ్మకం లేదు. ముక్కలు కోసి ఇస్తే నీళ్లు తూకంలో కలుస్తాయని కోయని వంజరం చేప మొత్తంగా కావాలన్నాడు. పోలమ్మ అనే నడివయసు ఆవిడ దగ్గర ఆగాడు. మెరిసే వంజరాన్ని కరెంటు కాటా మీద పెట్టింది. నాలుగు కిలోలు.

"ఆ పెట్టెలో బటన్ నొక్కితే ఏ అంకె కావాలంటే ఆ అంకె వత్తాది" అని నన్ను తీశాడు. చేప దవడకు కొక్కెం తగిలించాడు. పైకెత్తాడు.

మూడున్నర.

అతని ముఖం వెలిగింది. నిన్న హల్వా దగ్గర పోయిన ప్రాణం తిరిగి వచ్చింది. "సూసినావా! అరకిలో! పట్టపగలు అరకిలో మింగేసింది! దొంగసొమ్ముకి అలవాటు పడిన జాతి..."

"జాతి గీతి అన్నావంటే ఈ కత్తితోనే పొలుసు తీత్తాను" అంది పోలమ్మ కూర్చున్న చోట నుంచి లేవకుండా. "నా కాటాకి ముద్దరుంది. నీ పీపీ గొట్టానికి ఉందేటి?"

"ఉంది. సూడు." నా నుదుటి ముద్ర చూపించాడు. "ఒక కిలో రాయి తే. పరీక్ష సేసుకో."

పక్కన ఎండుచేపలమ్మే ఆవిడ దగ్గర ఇనప రాళ్లున్నాయి. పోలమ్మ కిలో రాయి సంచిలో వేసి నాకు తగిలించింది. కిలో. సరిగ్గా కిలో.

చుట్టూ మూగినవాళ్లు పోలమ్మ వైపు తిరిగారు. హేమలత తల దించుకుంది. తవిటినాయుడు గడ్డం పైకెత్తాడు. తొమ్మిదేళ్ల కిందటి జీడిపిక్కల గోనెలు నాకు గుర్తొచ్చాయి. అప్పుడూ ఇలాగే ఒక కిలో పరీక్ష. ఇలాగే ఒక గడ్డం.

కానీ పోలమ్మ లోకనాథం కాదు. తూకం మీద బతికే మనిషి.

"ఒకటి సరే" అంది. "నాను అమ్మింది ఒక కిలో సేపా? నాలుగు. నాలుగు ఎట్టు."

రెండో రాయి వేసింది. రెండు. మూడో రాయి వేసింది. నా ముల్లు రెండున్నర దాటి ఆగిపోయింది. నాలుగో రాయి. మూడున్నర. పోలమ్మ చూపుడువేలు మడిచి నా గొట్టం మీద టక్కున కొట్టింది. గొట్టం అదిరి ఒరుపు విడిచింది. నా ముల్లు ఒక్క గెంతు గెంతి నాలుగు దగ్గర నిలబడింది.

మూగినవాళ్లు ఈసారి తవిటినాయుడి వైపు తిరిగారు.

"ఓలమ్మ! దీనికి నత్తి. రెండు దాటితే మాట తడబడతాది" అని నవ్వి, నా నడుముకున్న గుడ్డ పట్టుకుంది. "ఈ కోక ముక్కేటి? ఏటి దాసినావు దీని కింద?"

కుట్టు తెంపి విప్పింది. మూడు అర్ధచంద్రాల్లాంటి దెబ్బల గుర్తులు బయటపడ్డాయి. బొటనవేలు వాటి మీద రాసి చూసింది. నవ్వు కొంచెం తగ్గింది.

"ఇది కమ్మరోడి సుత్తి దెబ్బ కాదు. రోకలి పొన్ను. ఎవులో ఆడమనిసి సొట్ట సరిసేసి గుడ్డ సుట్టేసింది. నానూ సేసినాను ఈ పని. తక్కెడ పళ్లెం పడేసుకుని, మా ఇంటాయన సూత్తే సంపేత్తాడని రోకలెట్టి కొట్టి, రెండు నెలలు పసుపు పూసి దాసినాను." చేపను కాగితంలో చుట్టి హేమలత చేతిలో పెట్టింది. "భయం ఉన్న కొంపలో కాటా నిజం సెప్పదు బాబూ. ఎల్లు."

తవిటినాయుడు ఆ ఆకుపచ్చ గుడ్డను వేళ్లతో పట్టుకుని నిలబడ్డాడు. ఆ చీర అతనికి తెలుసు. అది ఎవరు కుట్టారో తెలుసు. తను మెచ్చుకున్నాడు కూడా. అది జీడిపిక్కలు రావడానికి పది రోజుల ముందు. అతని ముఖంలో లెక్క తేలడం చూశాను. కాటా చెడింది. దమయంతికి తెలుసు. తమ్ముణ్ని ఊరి మధ్య దొంగను చేస్తుంటే తెలిసి ఊరుకుంది. బతికిన ఏడేళ్లూ ఊరుకుంది. తనకు భయపడి.

హేమలత కూడా లెక్క కట్టింది. ఆమె చిన్నపిల్ల కాదు. చేప సంచి ఒక చేత్తో, అతని మోచెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని బస్సెక్కించింది.

లోకనాథం ఇల్లు హార్బరు వెనక కొండవాలు మీద, రెండు గదులు. భార్య రొయ్యల కంపెనీలో షిఫ్టుకు వెళ్లింది. లోకనాథం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఐసు మోసి మోసి ఒక భుజం కిందికి జారింది. "రా బావా" అన్నాడు. బావ లోపలికి రాలేదు. అరుగు మీద కూర్చుని నన్ను పక్కన పెట్టుకున్నాడు. గుడ్డ జేబులో ఉంది.

లోకనాథం నన్ను గుర్తుపట్టాడు. చూసీ చూడనట్టు చేప తీసుకుని వంటింట్లోకి పోయాడు. మామిడికాయ వేసి పులుసు పెట్టాడు. వాసన అరుగు దాకా వచ్చింది. గంటసేపు తవిటినాయుడు కదల్లేదు. నాకు తెలుసు అతను ఏం తూస్తున్నాడో. నిజం చెబితే లోకనాథం దొంగ కాకుండా పోతాడు, కానీ చచ్చిపోయిన అక్క తెలిసి మోసం చేసిందవుతుంది. చెప్పకపోతే దొంగ దొంగగానే ఉండిపోతాడు.

హేమలత లోపల మూడు కంచాలు పెట్టింది. లోకనాథం వచ్చి, "తినవని తెలుసు. అయినా పెట్టినాం" అన్నాడు.

తవిటినాయుడు నన్ను ఎత్తి అతని ముందు పెట్టాడు. "కాటా సొట్టపోయింది. రెండు దాటితే తక్కువ సూపిస్తాది. నీ పిక్కలు ఇరవయ్యే."

లోకనాథం నన్ను చూశాడు. బావను చూశాడు. "ఎప్పుడు తెలిసింది?"

గుమ్మంలోకి హేమలత వచ్చి నిలబడింది.

"అప్పుడే" అన్నాడు తవిటినాయుడు. "నా సేతిలోంచే జారిపడింది. నానే సరిసేసినాను. తెలుసు."

"తెలిసే నన్ను దొంగన్నావా?"

"తెలిసే."

"ఎందుకు?"

"నాకు నీ మీద ఎప్పుడూ గురి లేదు. సాకు దొరికింది."

ఇది అబద్ధం. నేను అతని చేతిలో పదేళ్లకు పైగా ఉన్నాను. అతను అబద్ధం చెప్పడం విన్నది అదే మొదలు. హేమలత నోరు తెరిచింది. అతను ఆమెవైపు ఒక్క చూపు చూశాడు. ఆమె నోరు మూసుకుంది. ఆ చూపు, ఆ మూసుకోవడం రెండూ నేను ఇదివరకు చూసినవే. కానీ అప్పుడు ఆ చూపులో బెదిరింపు ఉండేది. ఇప్పుడు బతిమాలడం ఉంది.

లోకనాథం నా సొట్ట తడిమి అడిగాడు. "అప్పకి తెలుసా?"

"తెల్దు."

"ఒట్టు?"

"తెల్దన్నాను గదా."

లోకనాథం అరుగు అంచున కూలబడ్డాడు. జారిన భుజం ఇంకా జారింది. "తొమ్మిదేళ్లు బావా. నువ్వు దొంగన్నందుకు కాదు. అప్ప ఒక్క ముక్క అన్నేదు, దానికి ఏడిసినాను. తోడబుట్టినదే నమ్మినాదనుకున్నాను." ముఖం తుడుచుకున్నాడు. "దానికి తెల్దు. సాలు. మొగుడి మాట నమ్మింది. ఆడమనిసి ఏటి సేత్తాది."

తర్వాత లేచాడు. గొంతు మారిపోయింది. "కంచం దగ్గర కూకో. వండినాను గనక తిను. తినేసి ఎల్లిపో. మళ్లీ నా గుమ్మం తొక్కొద్దు. ఊళ్లో అన్న మాట తప్పని ఊళ్లోనే సెప్పు, నీకు సిగ్గుంటే."

తవిటినాయుడు లోపలికి వెళ్లి కూర్చున్నాడు. లోకనాథం తన కంచం తీసుకుని వంటింట్లోకి పోయి అక్కడ తిన్నాడు. హేమలత వడ్డించింది. తవిటినాయుడు పులుసు కలుపుకుని తిన్నాడు. ఉప్పెక్కువ అనలేదు, పలచన అనలేదు. కంచం ఖాళీ చేశాడు. ఆ ఇంట చెయ్యి కడిగాడు. లేచి నన్ను తీసుకుని కొండ దిగాడు. సాయంత్రం బండికి ఊరు పోయాడు.

మర్నాడు ఉదయం పాలకేంద్రం దగ్గర జనం ఉన్న వేళ వెళ్లి నన్ను పైకెత్తాడు. "తొమ్మిదేళ్ల కింద ఇక్కడే లోకనాథాన్ని దొంగన్నాను. ఆడు దొంగ కాడు. ఈ కాటా సొట్ట. నాకు తెలుసు. తెలిసే అన్నాను."

ఎవరో ఉమ్మారు. వంకాయలమ్మే సన్యాసమ్మ బుట్ట దించి, "ఓరి నీ కడుపు కాల! తూకం తక్కువని ఇన్నేళ్లూ నాకాడ ఎక్కువ వంకాయలు ఏయించుకున్నావే! అదీ తెలిసేనా?" అంది. తవిటినాయుడు నన్ను కిందికి దించాడు.

"తెలిసే" అన్నాడు.

ఇప్పుడు ఊళ్లో అతని మాట ఎవరూ నమ్మరు. పాలకేంద్రంలో అతని పాలు రెండుసార్లు కొలుస్తారు. కొబ్బరికాయలకు వచ్చే వ్యాపారి ప్రతి కాయా తిప్పి చూస్తాడు. ఇంటికి ఏదైనా కొనడానికి వచ్చేవాళ్లు తమ కాటా తామే తెచ్చుకుంటారు. అతను ఏమీ అనడు. గోనె ఎత్తడానికి ఒక చెయ్యి వేస్తాడు.

నన్ను పారేయలేదు, బాగు చేయించలేదు. విరిగిన కొడవలి, తుప్పు పట్టిన బొరిగె ఉన్న బుట్టలో వేశాడు. పాత ఇనుము కొనేవాడు వీధిలో కేకేస్తూ వెళ్తాడు. బుట్ట ఇంకా బయటికి రాలేదు. ఆకుపచ్చ గుడ్డ నాతో లేదు. ఎక్కడ పెట్టాడో నేను చూడలేదు.

మొన్న హేమలత ఫోన్ చేసింది. బుట్ట పక్కనే కూర్చుని మాట్లాడాడు. చెవి తక్కువైందని ఫోన్ గొంతు పెద్దది చేసి పెట్టుకుంటాడు, అందుకని అన్నీ విన్నాను.

"ఊళ్లో సెప్పినావంట గదా. నాన్నకి ఎవులో ఫోన్ చేసి సెప్పినారు."

"ఏటన్నాడు?"

"ఏటీ అన్నేదు. ఆ పూట రెండోసారి అన్నం ఎట్టించుకున్నాడు. మావయ్యా, నాన్నకి అసలు మాట సెప్పీమంటావా?"

"వొద్దు."

"నిన్ను తిడతంటే నాకు కష్టంగా ఉంది."

"తిట్టనీ."

"అత్త మీద నీకు కోపం లేదేటి?"

అతను బుట్టలోకి చూశాడు. "ఉంది" అన్నాడు. "ఒక్క ముక్క. ఒక్క ముక్క సెప్పలేకపోయినాదా?"

"సెప్పుంటే ఏటి సేసీవోడివి?"

వీధిలో సైకిలు గంట వినిపించింది. ఎవరో ఎవరినో పిలిచారు.

"కొట్టీవోడ్ని" అన్నాడు.

ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టేయలేదు.